అర్జీ వ్రాయలేనివాని యర్జీ



నేటి ప్రసంగమునకు విషయము అర్జీ. అర్జీ యనగా నేమో మన గ్రామములలో ఎఱుగనివారు లేరు. పొలము సరిహద్దునకో, కాలువ నీటికో, పింఛనునకో మనలో ప్రతివాడును ఎప్పుడో యొకప్పుడు అర్జీ పెట్టినవాడే. కాని చూపు లేనివాడు అర్జీ యెట్లు వ్రాయును? వినికిడి లేనివాడు అధికారి యడిగిన ప్రశ్నకు బదులెట్లు చెప్పును? కాలు సాగనివాడు మెట్లమీది కచేరికి ఎట్లెక్కును? తన భాష కచేరిలో చెల్లనివాడు తన కష్టమును ఏ మాటలతో చెప్పుకొనును? ఇట్టివారి మొఱ వినిపించు భారము ఎవరిది? వచ్చి చెప్పుకొనువానిదా, కూర్చుండి వినువానిదా? ఈ ప్రశ్నకు మన దేశచరిత్ర ఒక్కొక కాలమున ఒక్కొక సమాధానము చెప్పినది. ఆ చరిత్రను సంగ్రహముగా మనవిచేసి, నేటి సమాధాన మేదియో, దానిని మన గ్రామములో నెట్లు నిలుపుకొనవలయునో చెప్పెదను.

మొదట శాస్త్రమును చూతము. కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము మఱుగుపడి యుండి, మైసూరునందలి శామశాస్త్రిగారి కృషివలన 1909లో అచ్చయినది. అందు ధర్మస్థులకు, అనగా న్యాయాధికారులకు, ఒక విధి చెప్పబడినది. స్త్రీలు, బాలురు, వృద్ధులు, రోగులు, అనాథలు మున్నగువారు తమంతట వచ్చి మొఱపెట్టుకొనకున్నను, వారి కార్యములను ధర్మస్థులే పూనుకొని నెఱవేర్పవలెను. చోటు వేఱనియు, కాలము మించినదనియు మిష చెప్పి వారి వ్యవహారమును త్రోసివేయరాదు. రాలేనివాని యొద్దకు న్యాయమే పోవలెనను భావము మన దేశమున నింత ప్రాచీనమైనది.

వ్రాత రానివానిని గూర్చియు ధర్మశాస్త్రము ఆలోచించినది. అక్షరము రాని ఋణగ్రస్తుడు తన సమ్మతిని మఱియొకనిచే వ్రాయింపవలెననియు, అక్షరము రాని సాక్షి తన మాటను తక్కిన సాక్షుల యెదుట వ్రాయింపవలెననియు స్మృతికారుల మతము. విజ్ఞానేశ్వరుని మితాక్షర దీనిని గ్రహించినది. ఆ మితాక్షరనే తిక్కన కాలమువాడగు మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. సంస్కృతము రాని తెలుగువానికి తన వ్యవహారధర్మము తన భాషలో తెలియవలెనను తలంపు పదుమూడవ శతాబ్దమునందే మనవారికి కలిగినదనుట కిది నిదర్శనము.

అయితే అదే శాస్త్రము మఱియొకచోట కఠినముగా నున్నది. పుట్టంధుడు, చెవిటివాడు, మూగవాడు, ఉన్మత్తుడు మున్నగువారికి పిత్రార్జితమున భాగము లేదని స్మృతులు చెప్పినవి. వారికి అన్నవస్త్రము లిచ్చి పోషింపవలెను, పోషింపనివాడు పతితుడగును. చూడుడు: భరణము కలదు, భాగము లేదు. కూడు పెట్టుమన్నారు గాని, కూర్చుండి పంచుకొనుమనలేదు. శాస్త్రము చదివినవాడను గనుక శాస్త్రమునందలి యీ భేదమును దాచను. మన గ్రామములలో నేటికిని వికలాంగుని గూర్చి పలుకు మాటలలో ఈ భేదమే ధ్వనించును. "పాపము, ఏదో యొకటి ఇప్పించండి" అందుము. "ఆయనకు రావలసినది ఇయ్యండి" అనుట అరుదు.

ఇక కుంఫిణీ కాలమునకు వత్తము. 1766లో నిజాముతో జరిగిన సంధివలన ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల కధీనమైనవి. 1794లో మచిలీపట్టణపు కౌన్సిలు పోయి, కలెక్టర్లు వచ్చిరి. దొరకు తెలుగు రాదు, రైతుకు ఇంగ్లీషు రాదు. ఇరువురి నడుమ దుబాసియు, మున్షీయు, శిరస్తాదారును నిలిచిరి. రైతు చెప్పినది ఒకటి, దొర విన్నది వేఱొకటి యగుటకు దారి యేర్పడినది. అంతియే గాదు. అర్జీ, ఫిర్యాదు, హాజరు, దస్తావేజు, వకాలతు, జవాబు మొదలగు కచేరి మాటలన్నియు పారసీకమునుండియు, అరబ్బీనుండియు వచ్చినవి. తెలుగువాడు తెలుగులో నర్జీ పెట్టుటకును ఆ మాటల పోకడ తెలిసిన రాయసగాడు కావలసివచ్చెను. కచేరి యరుగులమీద అర్జీలు వ్రాసి బ్రదుకువారు అట్లు వెలసిరి. మచిలీపట్టణము, రాజమహేంద్రవరము, కడప లందు ఉద్యోగము చేసిన చార్లెసు ఫిలిప్పు బ్రౌనుదొరగారు ఈ చిక్కును గుర్తించి, కచేరి వ్యవహారములలో వాడు మాటలకు అర్థము చెప్పు జిల్లా నిఘంటువును 1852లో వెలువరించిరి. పాలించువాడు ప్రజల మాట నేర్చుకొనవలెనను కర్తవ్యము నెఱిగిన కొలదిమంది దొరలలో ఆయన యొకరు.

ఆ 1852వ సంవత్సరముననే చెన్నపట్టణమున మఱియొక ఘనకార్యము జరిగినది. మన తెలుగువారగు గాజుల లక్ష్మీనరసుశెట్టిగారు చెన్నపట్టణ స్వదేశీయ సంఘమును స్థాపించి, ఆ సంఘముపక్షమున ఆంగ్లేయుల పార్లమెంటునకు ఇంగ్లీషున నొక పెద్ద అర్జీ పంపించిరి. శిస్తు వసూలుకై రైతులను హింసించుచున్నారన్న మాట ఆ యుద్యమమువలన సీమదాక వినబడినది. డాన్బీ సేమరను పార్లమెంటు సభ్యుడు స్వయముగా వచ్చి జిల్లాలలో తిరిగి చూచెను. పిమ్మట 1854లో ముగ్గురు సభ్యులతో విచారణ సంఘ మేర్పడినది. 1855లో ఆ సంఘము తన నివేదికలో హింస జరుగుచున్న మాట నిజమేయని యొప్పుకొనుచు, పీడితుడగు బీదవానికి న్యాయము పొందుట మిక్కిలి కష్టముగా నున్నదని కూడ చెప్పినది. ఇందలి పాఠ మేమనగా: రైతు కష్టము చిరకాలముగా నున్నదే, అది వినువాని భాషలో వ్రాయబడిన నాడుగాని వినబడలేదు. లక్ష్మీనరసుశెట్టిగారు వ్రాత రాని వేలకొలది రైతులకు రాయసగాడై నిలిచిరి.

కోర్టులలో మాత్రము ఒక మంచి సూత్రము ముందే పుట్టినది. 1872 నాటి సాక్ష్య చట్టమున, నోటితో పలుకలేని సాక్షి వ్రాతమూలముననో, సైగలమూలముననో బహిరంగ న్యాయస్థానమున సాక్ష్యము చెప్పవచ్చుననియు, అది నోటిమాటగానే యెంచబడుననియు విధించిరి. 2013లో దీనికి సవరణ చేసి, అట్టి సాక్షి పలుకును వివరించుటకు దుబాసి సహాయమునో, ప్రత్యేక ఉపాధ్యాయుని సహాయమునో తీసికొనవలెనని చేర్చిరి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త సాక్ష్య చట్టమునందును ఈ నియమము నిలిచియున్నది. సైగ కూడ మాటయే యని చట్ట మొప్పుకొని నూటయేబది యేండ్లు దాటినది.

భాగము సంగతియు మాఱినది. 1928లో హిందూ వారసత్వమునందలి యనర్హతలను తొలగించు చట్టమొకటి వచ్చి, అంగవైకల్యముచేతనో, రోగముచేతనో భాగము పోవు పాతపద్ధతిని చాలవరకు రద్దుచేసినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము రోగము, లోపము, వైకల్యము అను కారణములచే నెవ్వరును వారసత్వమును కోల్పోరాదని స్పష్టముగా శాసించినది. స్మృతి భరణమిచ్చిన చోట శాసనము భాగమిచ్చినది.

స్వతంత్ర భారత రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చినది. అందు మన ప్రసంగమునకు ముఖ్యమైన అధికరణములు రెండు. 41వది వృద్ధాప్యము, రోగము, అంగవైకల్యము కలిగినప్పుడు ప్రభుత్వము తన శక్తికొలది ప్రజాసహాయ మొసగవలెనని నిర్దేశించుచున్నది. 350వది ఏ కష్టమును తీర్చుకొనుటకైనను, ఏ యధికారికైనను, కేంద్రమునందు గాని రాష్ట్రమునందు గాని వాడుకలోనున్న యే భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కు ప్రతి మనుష్యునకు కలదని చెప్పుచున్నది. "ఇంగ్లీషులో వ్రాసి తెమ్ము" అని మనలను త్రిప్పిపంపు అధికారము ఏ గుమాస్తాకును లేదు. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము తెలుగును రాష్ట్రమున కధికారభాషగా చేసినది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారి అధ్యక్షతన అధికార భాషా సంఘ మేర్పడినది. 2022లో ఉర్దూ రెండవ అధికారభాష యైనది.

ఇది మనకు మాత్రమే మేలుచేయు ధర్మము గాదు. బరంపురము, హోసూరు, కోలారు మొదలగు చోట్ల మన తెలుగువారు పొరుగు రాష్ట్రముల పాలనలో నున్నారు. ఒక జిల్లాలోనో, పురపాలకములోనో నూటికి పదునైదు ఇరువదిమంది అల్పసంఖ్యాక భాషవారున్నచో, ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలోను వెలువడవలెనని 1956లో భారత ప్రభుత్వము సూచించినది. మన కోనసీమ బిడ్డలు కువైటు మొదలగు దేశములకు బ్రదుకుతెరువునకై పోయి, అరబ్బీ కాగితము చేతబట్టుకొని, అందేమి వ్రాసియున్నదో తెలియక తల్లడిల్లిన సంగతి మన యిండ్లలో వినినదే. మన పిల్లలకు అక్కడ ఏమి కోరుదుమో, మన యూరికి పనికై వచ్చిన పరభాషవానికి ఇక్కడ దానినే మనము సమకూర్పవలెను.

ఇక వికలాంగుల హక్కుల చట్టములు. నేటివారు గౌరవముగా దివ్యాంగులు అనుచున్నారు. పేరు ఏదైనను, జనాభా లెక్కలలో 1931 వరకు అంధులను, మూగచెవిటివారిని, ఉన్మత్తులను, కుష్ఠురోగులను లెక్కించుచు వచ్చిరి. ఆ తరువాత నేబదియేండ్లు ఆ లెక్కయే లేదు. 1981లో నొకమాఱు లెక్కించి, 1991లో మఱల విడిచిరి. 2011 లెక్కలలో దేశమున 2 కోట్ల 68 లక్షలమంది, నాటి యుమ్మడి ఆంధ్రప్రదేశమున సుమారు 22 లక్షల 66 వేలమంది వికలాంగులని తేలినది. లెక్కలో లేనివానికి విస్తరి వేయరు గదా!

1995లో తొలి చట్టము పుట్టి, ఏడు విధముల వైకల్యములను గుర్తించినది. 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదింపగా, మన దేశము 2007లో దాని నంగీకరించినది. దానికి తగినట్లు 2016లో క్రొత్త చట్టము చేయబడి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. వైకల్యములు ఏడునుండి ఇరువదియొకటికి పెరిగినవి. అంతకంటె ముఖ్యమైన దొకటి యందు గలదు. వికలాంగుడు ఇతరులతో సమానముగా తన హక్కును అనుభవించుటకు, ఎదుటివారికి మితిమీరిన భారము గాని రీతిని చేయదగిన మార్పును చేయవలెను. దానిని చేయ నిరాకరించుటయే వివక్ష యగును. బ్రెయిలీ వ్రాతయు, పెద్దయక్షరములును, సైగభాషయు, చదివి వినిపించుటయు భావవ్యక్తీకరణ సాధనములుగా చట్ట మంగీకరించినది.

సమాచార హక్కు చట్టము 2005లో వచ్చినది. దానిని చదివినప్పుడు నాకు అక్షరము రాని ఋణగ్రస్తుని గూర్చిన స్మృతివాక్యము జ్ఞప్తికి వచ్చినది. వ్రాసి యిచ్చుకొనలేనివాడు నోటితో చెప్పినచో, దానిని వ్రాతలో పెట్టుటకు అధికారియే తగిన సహాయము చేయవలెనని 6వ సెక్షను విధించుచున్నది. చూపు, వినికిడి వంటి యింద్రియలోపము గలవానికి ఆ సమాచారము అందునట్లు తోడ్పడవలెనని 7వ సెక్షను చెప్పుచున్నది. పూర్వము రాయసగానిని వెదకుకొను భారము అర్జీదారునిది. ఈ చట్టము ఆ భారమును కచేరిమీద పెట్టినది.

చట్టము కాగితముమీద నుండగానే ఫలము చేతికి రాదు. దీనికొక యుదాహరణము. రాజీవ్ రతూరి యను చూపులేని పౌరుడు, బహిరంగ స్థలములు, రస్తాలు, వాహనములు వికలాంగులకు అందుబాటులో నుండవలెనని 2005లో సుప్రీముకోర్టునందు అర్జీ దాఖలు చేసెను. 2017 డిసెంబరులో కోర్టు ఆయన పక్షమున ఆదేశము లిచ్చినది. అవి సరిగా నెఱవేరకపోగా, 2024 నవంబరు 8న మరల తీర్పు చెప్పి, అందుబాటు నియమములు కేవలము సలహాలుగా నుండరాదనియు, తప్పక పాటింపవలసిన కనీస నియమములను ప్రభుత్వము చేయవలెననియు ఆజ్ఞాపించినది. ఒక్క యర్జీకి పందొమ్మిది సంవత్సరములు పట్టినది. ఓర్పు లేనిచో హక్కు మాటగానే మిగులును.

ఇప్పుడు మన రాజోలుసీమకు వత్తము. వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ, దక్షిణమున సముద్రముతో, మనది లంకనేల. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది; గన్నవరమువద్ద అక్విడక్టుమీదుగా గోదావరి నీరు వైనతేయమును దాటి మన చేలకు వచ్చినది. నీరు నదిని దాటుటకు ఇంజనీర్లు త్రోవ చేసిరి. మనుష్యుడు జిల్లా కచేరికి పోవలెనన్న మాత్రము చిరకాలము రేవులో పడవకో, పంటుకో నిలువబడవలసినదే. కాకినాడకు పోయి వచ్చుట కాళ్లు చక్కగా నున్నవానికే రెండుదినముల పని. నడువలేనివాడు పోవుమాటయే లేదు. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2019 అక్టోబరు 2న కరపలో గ్రామ సచివాలయములకు ప్రారంభము జరిగి, కచేరి గ్రామములోనికే వచ్చినది. 2022 ఏప్రిల్ 4న అమలాపురము ముఖ్యపట్టణముగా మన కోనసీమ జిల్లా యేర్పడినది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారము పంచాయతులకు అప్పగింపదగిన విషయముల పట్టికలో వికలాంగుల సంక్షేమము కూడ చేరియున్నది. కావున ఇది ఢిల్లీవారి పని యని తప్పుకొనుటకు వీలులేదు. మన పంచాయతీ పని.

దూరము తగ్గినది. మిగిలినది గడపయొద్ద రెండు మెట్లు, గోడమీది చిన్నయక్షరములు, బల్ల యవతలివాని తొందర. పూర్వము మన యూళ్లలో ఏ ప్రకటనయైనను దండోరా వేయించి వీథివీథిని చాటెడివారు. చదువు రానివానికి, చూపు లేనివానికి అది యెంతయో యుపకారము. చెవిటివానికి మాత్రము అది యందలేదు. నేడు ప్రకటన గోడమీదను, ఫోనులోను వచ్చుచున్నది. చెవిటివాడు చదువుకొనును, చూపు లేనివాడును, అక్షరము రాని వృద్ధుడును వెనుకబడుచున్నారు. రెండును కావలెను. అంటించుటయు కావలెను, చాటుటయు కావలెను. దీనికి పెద్ద ధనము అక్కఱలేదు. గ్రామసభలో తీర్మానించిన చాలును.

ఉద్యోగ విరమణానంతరము ఇరుగుపొరుగువారికి అర్జీలు వ్రాసియిచ్చుట నాకు పరిపాటియైనది. ఆ యనుభవముతో కొన్ని సంగతులు మనవిచేసెదను. మన యర్జీలలో సగము కాగితము దైన్యముతో నిండును: "దీనుడను, దిక్కులేనివాడను, తమ పాదములే గతి." ఇది అక్కఱలేదు. మూడు సంగతులు చాలును. నాకున్న అడ్డంకి యిది. దానికి కావలసిన తోడ్పాటు ఇది. అది ఏ పనికి, ఏ తేదీకి కావలెను. చూపులేనివాని కొఱకు ఇట్లు వ్రాయవచ్చును: "నాకు చూపు లేదు. నా పింఛనును గూర్చి తమరు పంపిన నోటీసును నాకు చదివి వినిపించి, నా జవాబును వ్రాసికొని, మరల చదివి వినిపించి, దాని ప్రతిని నాకు ఇప్పింపవలెను." నడువలేనివాని కొఱకు: "నేను మెట్లు ఎక్కలేను. విచారణను క్రింది గదిలో గాని, నా యింటియొద్ద గాని జరిపింపవలెను." వినికిడి లేనివాని కొఱకు: "నన్నడుగవలసిన ప్రశ్నలను వ్రాసి యడుగవలెను, చదువు రాదు గనుక, సైగభాష తెలిసినవారిని పిలిపింపవలెను." వేలిముద్ర అరిగి యంత్రమున పడనివారికి కంటిపాప గుర్తు, ముఖము గుర్తు మొదలగు వేఱు మార్గములు కలవు. వానిని పేరుపెట్టి యడుగవలెను. ముద్ర పడలేదన్న కారణమున నిరాశతో ఇంటికి మరలరాదు.

అర్జీ యిచ్చినవెంటనే తేదీతో రసీదు తీసికొనవలెను. రసీదు లేని యర్జీ గోదావరిలో వేసిన రాయి. గడువు దాటినచో మండలమునకు, పిమ్మట జిల్లా కచేరిలో సోమవారము జరుగు అర్జీల దినమునకు పోవలెను. అప్పటికిని వికలాంగునకు తోడ్పాటు నిరాకరించినచో రాష్ట్రమునందలి వికలాంగుల కమిషనరునకు వ్రాయవచ్చును. ఆ కమిషనరు సిఫారసు చేసినపుడు, సంబంధించిన యధికారి మూడునెలలలో దానిమీద చర్య తీసికొని తెలుపవలెనని 2016 చట్టము చెప్పుచున్నది. కచేరి దస్త్రములో ఏమున్నదో తెలియవలసినచో సమాచార హక్కు క్రింద అడుగుడు. మన రాష్ట్ర నియమముల ప్రకారము గ్రామస్థాయి కార్యాలయములలో దీనికి రుసుము లేదు.

ఈ జాగ్రత్త ఎందులకనగా, 2024 జూలై మొదలు వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైనది. 2025లో వైకల్య ధ్రువపత్రముల పునఃపరిశీలన జరిగి, పలువురకు నోటీసులు వచ్చినవి. మరల పరీక్ష కోరుకొను అవకాశమిచ్చిరి. కాని నోటీసును చదువలేనివానికి, చదివి చెప్పువాడు లేనివానికి, ఆ యవకాశము అవకాశ మగునా? కాగితము గూటిలో నుండగా గడువు గడచిపోవును. నెలకు 6,000 రూపాయలనగా నొక వృద్ధునకు మందులు, తిండి, మానము.

మఱియొక మాట. మూగచెవిటివానిని కచేరికి తోడ్కొనిపోయిన బంధువు, తన మాటనే యతని మాటగా చెప్పు ప్రమాదము కలదు. చూపులేని ముసలమ్మచేత వేలిముద్ర వేయించునపుడు కాగితమున ఏమున్నదో ఆమెకు వినిపింపని కొడుకులును కలరు. తోడు పోయిన పెద్దలు ముందుగా ఆ మనిషినే యడుగవలెను: "అమ్మా, నీకు కావలసిన దేమి? ఇందు ఇట్లు వ్రాసియున్నది, నీకు సమ్మతమేనా?" రాయసగాని ధర్మము చెప్పినది వ్రాయుట, వ్రాసినది చదివి వినిపించుట. తన తీర్పు కలుపుట గాదు.

ఇతర దేశములందును ఈ ధర్మము వ్యాపించినది. అమెరికాలో 1975లో వోటరులకు భాషాసహాయమును గూర్చిన చట్టము వచ్చినది. 1990 నాటి వికలాంగుల చట్టమువలన స్థానిక ప్రభుత్వములు చెవిటివానికి సైగభాష దుబాసిని తమ ఖర్చుతో సమకూర్పవలసివచ్చినది. మన చట్టము వారికి తీసిపోదు. తక్కువైనది అడుగువారు మాత్రమే.

కావున పెద్దలకు నా మనవి యిది. ఈసారి గ్రామసభ జరుగునపుడు మూడు సంగతులు అడుగుడు. పంచాయతీ కచేరికి మెట్ల ప్రక్కను వాలుదారి యున్నదా? ప్రతి ప్రకటనయు తెలుగులో అంటించి, చాటింపు వేయించుచున్నారా? వ్రాయలేనివాని యర్జీని వ్రాసిపెట్టు ఉద్యోగి ఎవరు, ఏ దినమున, ఏ వేళ నుండును? సమాధానమును తీర్మానముల పుస్తకమున వ్రాయింపుడు. అడుగలేనివారి పక్షమున అడుగుట దయ యని తలంపవలదు. అది వారికి రావలసిన భాగమును వారికి ఇప్పించుట. కౌటిల్యుడు ధర్మస్థులకు చెప్పిన విధి నేడు మన గ్రామపెద్దలమీదను ఉన్నది. మన కోనసీమలో ఏ యొక్కనికిని తన కష్టము చెప్పుకొను త్రోవ మూసికొనిపోకుండుగాక!